బ్రిహిదా అక్క మోసిన ఏడు కప్పలు

టిటికాకా సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరికి నేను మూడుసార్లు పెద్దగా ఉన్నాను. బడికి రేకుల కప్పు వేయించింది నేనే, పడవల రేవు కట్టించిందీ నేనే. అయినా ఇది బ్రిహిదా కల్లిసాయా కథ. లామాలనే ఉన్ని జీవాల్ని కాసుకునే వితంతువు, పొట్టి మనిషి. వాన రాని ఏట కప్పల్ని కొండమీదికి మోయడం వాళ్ల ఇంటి పని.

నేను రెండోసారి పెద్దనైన ఏడాది, మాకు వానాకాలమైన జనవరిలో, నలభై రోజులుగా మా నెత్తిన మబ్బు లేదు. బంగాళదుంప మొక్కలు వాలిపోతున్నాయి. అవి పోతే ఊరికి ఏడాది తిండి లేదు. అవతలి ఒడ్డున మాత్రం మబ్బులు కొండల్లా నిలబడేవి. మావైపు రాగానే అంచుల నుంచి విరిగి మాయమయ్యేవి. పైకెక్కిన గాలి చల్లబడి మబ్బవుతుందనీ, కిందికి దిగే గాలి వేడెక్కి మబ్బును తినేస్తుందనీ బడిలో చదివాను. ఆ గాలి మామీదే ఎందుకు దిగుతోందో పంతులు చెప్పలేదు.

బ్రిహిదా సరస్సులో పట్టిన ఏడు కప్పల్ని ఏడు వట్టి కుండల్లో పెట్టి కొండెక్కింది. దాహంతో అవి ఏడిస్తే ఆకాశం జాలిపడుతుంది. రెండు రోజులు ఆ ఏడుపు ఊరంతా వినిపించింది. మూడోనాడు ఆగిపోయింది.

మధ్యాహ్నం నేను పైకెక్కాను. కప్పలు బతికే ఉన్నాయి. ఏడూ తలలెత్తి ఒకేవైపు చూస్తున్నాయి.

“నీళ్లు పోసిందెవరు తమ్ముడూ?” అంది బ్రిహిదా.

“ఎవరు పోస్తారక్కా?”

“ఊరిపెద్దవి, అబద్ధం కూడా చేతకాదు. టోపీకి నాచు అంటుకునుంది చూస్కో.”

పొద్దున ఆమె కునుకు తీస్తుంటే టోపీతో నీళ్లు మోసింది నేనే. నా హయాంలో కప్పలు చచ్చాయని పేరొస్తుందని భయం.

“వీళ్లకి నీళ్లున్నాయని పైకి కబురంపావు. ఇంక మబ్బుకి ఇక్కడేం పని? ఒంపెయ్. కూర్చో. నోరు మూసుకో, అదే నీకు కష్టం!”

ఒంపి కూర్చున్నాను. కాసేపటికి ఏడుపు మొదలైంది. కుండల్లోకి చూశాను. ఏ కప్ప గొంతూ కదలడం లేదు. బ్రిహిదా పెదవులు బిగించే ఉన్నాయి. ఏడుపు పెరుగుతూనే ఉంది. అవతలి మబ్బు ఈసారి విరగలేదు. దాని నీడ నీళ్లమీద జారుతూ మా చేలదాకా వచ్చింది.

ఏడుస్తున్నదెవరని అడగబోయాను. నా నోరు అప్పటికే తెరిచి ఉంది.

“చాల్లే తమ్ముడూ, వచ్చేసింది,” అని ఆమె నా గడ్డం పట్టి మూసింది.

సగానికి పైగా చేలు దక్కాయి. ఆ వానలోనే బ్రిహిదా సరస్సుకు దిగి కప్పల్ని ఒక్కొక్కటే వదిలింది. ఏడోదాన్ని నా అరచేతిలో పెట్టింది. అది వెంటనే దూకలేదు. చాలాసేపు నా నోటివైపే చూస్తూ కూర్చుంది.