చిన్నమ్మ చెప్పిన రోబో కథ

మా అమ్మాయి చూస్తున్న జపాన్ అనిమే కార్టూన్ సినిమాలో, ఆగిపోయిన ఒంటికన్ను రోబో లేచి అమ్మను వెతుక్కుంటూ బయల్దేరింది. నేను ఉలిక్కిపడ్డాను.

చిన్నప్పుడు నారాయణగూడ థియేటర్లో ఇంగ్లీషు అంతరిక్ష సినిమాకు చిన్నమ్మ తీసుకెళ్లింది. సమోసా నములుతూ, రోబో మాటలన్నీ నా చెవిలో తెలుగులో చెప్పింది. చివర్లో అచ్చం ఇలాంటి రోబోనే ఆగిపోతే భోరుమన్నాను.

"ఏడ్వకురా, పండుకున్నది. లేచి వాళ్లమ్మ దగ్గరికి పోతది" అంది.

నమ్మేశాను. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదని పెద్దయ్యాకే తెలిసింది.

"ఏదో పాత ఇంగ్లీషు సినిమా చూసే దీన్ని తీసిండ్రంట, డాడీ" అంది అమ్మాయి.

"ఉత్త సినిమా చూస్తే ఇట్ల రాదు బిడ్డా. దీన్ని తీసిన జపానాయన ఆరోజు మా వెనక సీట్లనే కూసున్నడు. చిన్నమ్మ చెప్పింది మొత్తం విన్నడు."