ఆఖరి జల్లెడ

క్లెమ్ హార్డేకర్ ఆ రోజు మా ఇంట్లోంచి తృప్తిగా వెళ్ళాడా, మనసు కష్టపెట్టుకుని వెళ్ళాడా? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

మా వీధి చివర ఉండేవాడు. చెరకు మిల్లులో రసం తేర్చే చోట పనిచేసి రిటైరయ్యాడు. మురికి, దాని తర్వాత తేట, దాని తర్వాత ఇంకా తేట. లోకమంతా అతనికి ఆ వరసలోనే కనిపించేది. కోతకి ముందు చెరకు తోటలు తగలబెట్టే రోజుల్లో మసి రాలి ఆరేసిన దుప్పట్లు పాడైతే మేమంతా తిట్టుకుని దులుపుకునేవాళ్ళం. క్లెమ్ మాత్రం టీ కప్పు మీద సాసరు మూతపెట్టి, గుక్క గుక్కకీ తీసి తాగేవాడు.

కళ్ళు మసకబారి, పుస్తకం ఎక్కువసేపు చదవలేకపోయిన ఏడాది నేనొక చిన్న ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నాను. అందులోకి మాండరిన్ చేప ఒకటి వచ్చింది. బొటనవేలంత ఉంటుంది, నీలం ఒంటి మీద నారింజ చారలు. చేపల కొట్టు నెరిడా దాన్ని ఇస్తూనే బెదిరించింది.

"ఇది ఎండు మేత ముట్టదు, యూనా. కదిలే పురుగే కావాలి దీనికి. కింద ఇంకో పెట్టె పెట్టి, నాచు వేసి, పురుగుల్ని పెంచు. చిక్కిపోయిందంటే మాత్రం వెనక్కి పట్టుకుపోతా. అప్పుడు ఏడవకు."

ఆ కింది పెట్టెను రెఫ్యూజియం అంటారు. చేప నోటికి అందకుండా పురుగులు దాక్కుని పిల్లల్ని పెట్టే చోటు.

"అంటే పురుగులకి సత్రమన్నమాట," అన్నాడు క్లెమ్. ఆ మధ్యాహ్నమే మా వరండాలో సుద్దముక్కతో బొమ్మ గీశాడు. పై తొట్టి నీళ్ళు కింది పెట్టెలోని మొదటి గదిలోకి పడతాయి, అక్కడ గుడ్డసంచి చెత్తను పడుతుంది. రెండో గదిలో నాచు, దాని మీద దీపం. మూడో గదిలో పంపు, నీళ్ళను మళ్ళీ పైకి తోస్తుంది. రెండో గదికీ మూడో గదికీ మధ్య మందపాటి స్పాంజి గీశాడు.

"అదెందుకు?" అన్నాను.

"ఎందుకేంటి? ఆఖరి జల్లెడ లేకుండా పైకి పంపుతారా ఎక్కడైనా? మిల్లులో అలా చేసుంటే నన్నే గానుగలో పెట్టేవాళ్ళు."

నాకు తెలియని విద్య. అతను గీసినట్టే కట్టించాను.

నీళ్ళు అద్దంలా తేరాయి. నాచు గుబురుగా పెరిగింది. టార్చి వేసి చూస్తే అందులో నువ్వుగింజ కంటే చిన్న పురుగులు గంతులేస్తున్నాయి. అయినా చేప చిక్కిపోతోంది. పొట్ట లోపలికి పోయింది, తల పెద్దదిగా కనిపించసాగింది. ఎందుకో మా ఇద్దరికీ అంతుపట్టలేదు. ఉప్పు మార్చాం. వేడి చూశాం. చివరికి మసిని అనుమానించి తొట్టికి మూత చేయించాం. క్లెమ్ రోజూ పొద్దున్నే వచ్చి దేన్నో ఒకదాన్ని ఇంకాస్త శుభ్రం చేసేవాడు. స్పాంజి మీద ఇంకో స్పాంజి పెట్టాడు. చేప ఇంకా చిక్కింది.

అతను చెల్లెలి దగ్గరకి బండబర్గ్‌కి మకాం మార్చాల్సి ఉంది. కారు వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు, కారవాన్, సర్దుకుని కూడా, "దీని సంగతి తేలందే కదలను," అన్నాడు.

నెరిడా చూడ్డానికి వచ్చింది. "ఏం క్లెమ్, దీనికి స్నానం చేయిస్తున్నావా, తిండి పెడుతున్నావా?"

"కింద కుప్పలుగా ఉన్నాయి పురుగులు. కళ్ళు పెట్టి చూడు."

"కింద ఉంటే దీనికేం ఒరిగింది? మెట్లు దిగెళ్ళి తినాలా? శనివారం వచ్చి తీసుకెళ్తా, యూనా."

ఆమె వెళ్ళిపోయింది. క్లెమ్ కింది పెట్టె ముందు కూలబడ్డాడు. తర్వాత రెండు స్పాంజిలూ ఊడబీకి, తెల్ల పింగాణీ బేసిన్‌లో ఉప్పునీళ్ళు పోసి పిండాడు.

"యూనా, ఇటు రా."

బేసిన్ అంతా కదులుతోంది.

"పైకి బయల్దేరినవే ఇవన్నీ," అన్నాడు. "నేనే ఆపేశాను."

నేను వంగి బేసిన్‌లోకి చూశాను.

"అయితే తేట నీళ్ళు తప్పా?" అని అడిగాడు.

"దానికి తప్పేమో," అన్నాను. అంతకంటే మంచి మాట అప్పుడు తట్టలేదు. ఇప్పుడూ తట్టడం లేదు.

బేసిన్ నీళ్ళు మెల్లగా పై తొట్టిలోకి వంచాడు. చేప మొదట కదల్లేదు. తర్వాత రాయి పక్కకి జరిగి, ఆగి, తల వంచి చూసి, చటుక్కున పొడిచింది. మళ్ళీ పొడిచింది. క్లెమ్ మోకాళ్ళ మీద కూర్చుని, గాజుకి ముక్కు ఆనించి చూస్తున్నాడు. అతని టీ కప్పు పక్కనే పెట్టి, పైక్లెట్లు, అంటే చిన్న తీపి అట్లు, వేడి చేయడానికి వంటింట్లోకి వెళ్ళాను.

వెళ్ళేటప్పుడు అతను గుమ్మం దగ్గర ఒకసారి, గేటు దగ్గర ఒకసారి "సరే మరి" అనేవాడు. ఆ రోజు ఏదీ వినపడలేదు. పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి చేప గాజు వెంబడి పొడుచుకుంటూ పోతోంది. స్పాంజిలు ఎక్కడా లేవు. కప్పు ఖాళీగా ఉంది, సాసరు దూరంగా ఉంది, కప్పు అడుగున మసి పలుకు.

వరండాలోకి పరిగెత్తాను. కారవాన్ మిల్లుకి చెరకు మోసే రైలు పట్టాలు దాటి, మలుపు తిరుగుతోంది.