ముందు ఆపి చూపించు

హజరత్ వలికి ఉన్నది ఒకటే జబ్బు. ఏదైనా ఎట్లా ఆగుతుందో కళ్ళారా చూడనిదే దాన్ని మొదలుకానివ్వడు.

గిద్దలూరు బస్సు ఎక్కాలంటే ముందు డ్రైవరు ఓబులయ్య దగ్గరికి వెళ్ళేవాడు. "బ్రేకు కొట్టి చూపియ్యి."

"బస్సు నిలబడే ఉంది గదా భాయ్, ఇంకేం ఆపాల?"

"అది నిలబడిందా, నువ్వు ఆపినావా?"

ఓబులయ్య బస్సును పది గజాలు నడిపి బ్రేకు తొక్కేవాడు. లోపలివాళ్ళు ముందు సీట్లకు తలలు కొట్టుకుని వలిని నానా తిట్లూ తిట్టేవారు. ఆ తిట్లు కూడా ఆగాకే ఆయన ఎక్కేవాడు.

కూతురు జహరాబీని చూడటానికి పెళ్ళివారొస్తే, ఆస్తిపాస్తుల ఊసెత్తకుండా పెళ్ళికొడుకును ఒకటే అడిగాడు. "కోపమొస్తే ఎట్ల ఆపుకుంటావు నాయనా?"

"నాకు కోపమే రాదు మామూ" అన్నాడతను. ఆ సంబంధం తప్పిపోయింది. తరువాత వచ్చినవాడు తలవంచుకుని, "బాయి కాడికి పోయి నాలుగు చేదల నీళ్ళు తోడతాను" అన్నాడు. వీడికి బ్రేకుందని వలి అక్కడికక్కడే ఖాయం చేసేశాడు. భార్య ఫాతిమాబీ నోరు తెరిస్తే చాలు, "ఎక్కడ ఆపుతావో చెప్పి మొదలుపెట్టు" అనేవాడు. దాంతో ఆమె ఎక్కడా ఆపేది కాదు.

ఇలాంటి మేస్త్రీ కింద పనికి కుదిరాడు కరుణాకరం. బేస్తవారిపేట వాడు. కర్నూలులో కరెంటు చదువు చదివాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయిన రోజులవి. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. అక్కడ వలి మేస్త్రీగా ఉన్న తన పలకల ఫ్యాక్టరీకి వెంకటసుబ్బయ్య శెట్టి మద్రాసు నుంచి కొత్త యంత్రం తెప్పించాడు. ఒక కొసన రాయి పెడితే అరిగి, నునుపుదేరి, బెల్టు మీద రెండో కొసకు వస్తుంది. అక్కడ ఆడవాళ్ళు నిలబడి అందుకుని చట్రాలు బిగిస్తారు. శెట్టిగారు దాన్ని 'ఆటోమేటిక్' అని పిలుస్తూ ఆ మాటను దేవుడి పేరులా రోజంతా తలిచేవాడు.

ఆయన దిగులల్లా వలి గురించే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వలి యంత్రాన్ని ఆపేసేవాడు. "ఆగుతాదో లేదో చూడాల గదా" అంటూ స్విచ్చు చుట్టూ ప్రదక్షిణాలు చేసి, తీరిగ్గా మళ్ళీ నడిపేవాడు. పాతమనిషిని ఏమీ అనలేక శెట్టిగారు కరుణాకరాన్ని పిలిచాడు.

"నెల రోజులు చూస్తా. ఆ ఆపుడు లేకుండ చేసినావంటే ఉద్యోగం నీది. లేదంటే బేస్తవారిపేట బస్సుంది."

కరుణాకరం నాయన గొర్రెలమ్మి చదివించాడు. ఆ బస్సెక్కి ఇంటికి పోయే ధైర్యం అతనికి లేదు.

"నిన్న ఆగింది గదా భాయ్, ఈపొద్దు ఎందుకు ఆగదు?" అని అడిగి చూశాడు.

"నిన్న అన్నం తిన్నావు గదా, ఈపొద్దు ఎందుకు తింటావు?" అన్నాడు వలి.

వాదనతో కాదని కరుణాకరం గోడకు ఒక పచ్చదీపం బిగించాడు. ఆపే స్విచ్చు తీగలు బాగున్నంతసేపూ అది వెలుగుతుంది. ఇక ఆపి చూడక్కరలేదు. వలి ఆ దీపాన్ని చాలాసేపు చూశాడు. "బాగా చేసినావు" అన్నాడు గానీ ఆ గొంతులో సంతోషం లేదు.

మర్నాడు యంత్రం ఆగలేదు. పొద్దెక్కేసరికి షెడ్డు వెనక చీరలతో కట్టిన ఉయ్యాలల్లో ఒక పిల్ల ఏడుపందుకుంది. దానికి తోడు ఇంకొకటి. బెల్టు దగ్గరున్న పుల్లమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. పలకలు వచ్చి పడుతుంటే మళ్ళీ ముందుకు వచ్చింది. ఆమె రవిక తడిసిపోయింది. ఆమె వలి వైపు చూసింది. వలి దీపం వైపు చూశాడు.

కరుణాకరానికి తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్ళి తనే యంత్రం ఆపేశాడు. అదృష్టం కొద్దీ శెట్టిగారు ఆ రోజు ఊళ్ళో లేడు.

"నాకు ముందే చెప్పచ్చు గదా భాయ్?"

"పాలియ్యడానికని చెప్తే ఆ కాస్తకు కూలి కోస్తారు నాయనా. నాకు పిచ్చి అనుకుంటే ఎవురి కూలీ పోదు."

కరుణాకరం దగ్గర వాళ్ళమ్మ ఇచ్చిన అలారం గడియారం ఉంది. మర్నాడు దాన్ని స్విచ్చు పక్కన బిగించి, వెనకున్న కీకి ఒక దారం కట్టాడు. గంట మోగినప్పుడు కీ తిరుగుతుంది, దారం చుట్టుకుంటుంది, స్విచ్చు కిందికి పడుతుంది. పొద్దున మోగాక మధ్యాహ్నానికి మళ్ళీ తిప్పిపెడితే చాలు.

గంట మోగింది. యంత్రం ఆగింది. శెట్టిగారు పరుగెత్తుకొచ్చాడు. "మళ్ళీ ఎవురు ఆపినారు?"

"ఎవురూ ఆపలేదండీ. మోటారు చల్లబడాలని దానంతటదే ఆగింది. ఆటోమేటిక్."

"మనిషి చెయ్యి పడకుండనేనా?"

"పడకుండనే."

శెట్టిగారి మొహం చేటంతయింది. మనిషి ఆపితే నష్టం గానీ యంత్రం తనంతట తాను ఆగితే అది గొప్పే గదా. గిద్దలూరు దాకా ఎవరికీ ఇట్లాంటిది లేదని బజారంతా చెప్పడానికి అప్పుడే సిద్ధమైపోయాడు. కరుణాకరం ఉద్యోగం ఖాయమైంది. యంత్రాన్ని ఆపి ఉద్యోగం సంపాదించినవాడు ఆ తాలూకాలో అతనొక్కడే.

వలి గడియారాన్ని అటూ ఇటూ తిరిగి చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్రశ్న తిరగేశాడు. "ఆగేది చూసినా. మొదలయ్యేది ఎట్ల?"

"అది మాత్రం దానంతటది కాదు భాయ్. మీరు నొక్కాల."

వలి స్విచ్చు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. శెట్టిగారికి ఆ వింత మొదలవడం కూడా చూడాలని తొందరగా ఉంది. "ఇంకా ఏంది భాయ్, నొక్కు."

వలి షెడ్డు వెనక్కి చెవి ఒగ్గాడు. పుల్లమ్మ పిల్ల ఇంకా సన్నగా రాగం తీస్తోంది.

"ఉండండి శెట్టిగారూ" అన్నాడు. "ఆగేది చూసి మొదలుపెడతా."