పిన్ని పెన్‌డ్రైవ్‌ను పట్టుకున్నదెవరు?

మా పిన్ని ఎంబ్రాయిడరీ మిషన్ మీద కుట్టే పువ్వులూ పిట్టలూ అన్నీ తను సొంతంగా గీసుకున్నవే. అవన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి; కంప్యూటర్‌లో గీసి, డ్రైవ్‌ను తీసి మిషన్‌కు పెడుతుంది. వెనకటికోసారి తొందరపడి దాన్ని పీకేస్తే గీసినవన్నీ పోయాయి. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచీ గీసింది. అప్పటినుంచి "ఇక తీయవచ్చు" అని కంప్యూటర్ చెప్పనిదే డ్రైవ్‌ను ముట్టుకోదు. బాబాయి మాత్రం "పీకెయ్యవే, పేలదులే!" అని ఎగతాళి చేస్తుంటాడు. బస్సు ఆగకముందే దిగే మనిషాయన.

మొన్న ఒక పెద్దావిడ, ఆసుపత్రి నుంచి ఇంటికి రాబోతున్న పసి మనవరాలి కోసం, దుప్పటి మీద కుందేలు కుట్టించుకోవడానికి వచ్చింది. బయట కారు ఎదురుచూస్తోంది. కుందేలు బొమ్మ డ్రైవ్‌లోకి ఎక్కింది గానీ, డ్రైవ్ బయటికి రానని మొండికేసింది. వాడుకలో ఉందంటుంది కంప్యూటర్. పిన్ని తెరిచినవన్నీ మూసేసినా అదే మాట.

"దీన్నెవరు పట్టుకు కూర్చున్నారో కాస్త చూడవే" అంది నాతో.

పిన్ని కంప్యూటర్‌ను నడిపే లినక్స్ నాకు బాగా తెలుసని ఇంట్లో అందరికీ ఒక గుడ్డి నమ్మకం. డ్రైవ్‌లోని ఫోల్డర్‌లోనే, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, డ్రైవ్‌ను ఏయే ప్రోగ్రాములు వాడుతున్నాయో అడిగాను. మొదటి వరసలోనే నేను తెరిచిన టెర్మినల్ కనబడింది, డ్రైవ్ లోపల కూర్చుని అదీ డ్రైవ్‌ను పట్టుకుంది మరి! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. సిగ్గేసి, మిగతాది చదవకుండానే మూసేశాను.

అయినా డ్రైవ్ రాలేదు. కారు హారన్ మోగింది. పిన్ని చెయ్యి డ్రైవ్ దాకా వెళ్లింది.

"ఆగవే, అంత తొందరేంటి?" అన్నాడు గుమ్మంలోంచి బాబాయి. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఈసారి డ్రైవ్ బయటి ఫోల్డర్ నుంచి అడిగి, బుద్ధిగా చివరిదాకా చదివాను. పిన్ని బొమ్మలన్నీ చడీచప్పుడూ లేకుండా కంప్యూటర్‌లోకి కాపీ అవుతున్నాయి. పోయినవారం అలా కాపీ చేసే కమాండ్ నా దగ్గర నేర్చుకున్నది బాబాయే.

"ఎప్పుడు మొదలుపెట్టారు?" అంది పిన్ని.

"పొద్దున్నే. మళ్లీ పోయాయని నువ్వు ఏడిస్తే నేను చూళ్లేనే" అన్నాడు గోడకేసి చూస్తూ.

బాబాయి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. పిన్ని డ్రైవ్ మీద నుంచి చెయ్యి తీసి, పెద్దావిడ వైపు తిరిగింది.

"ఇంకాసేపు కూర్చోండమ్మా. మా ఆయన పని ఇంకా అవలేదు."