చింతపండు ఉండలో బండి ప్రాణం

హవల్లీ నుంచి సబా అల్ సలేంకు ఎంతసేపు పడుతుందని కువైట్ వెళ్తున్న ఒకరు ఈమధ్య రాసి అడిగారు. మామూలు రోజుల్లో ఇరవై నిమిషాలు, టాక్సీకి రెండు మూడు దినార్లు. నాకు మాత్రం ఒకసారి పోవడానికే మూడు గంటలు పట్టింది. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఏడాది సంగతి. అప్పుడు నేను సబా అల్ సలేంలో ఒక ఇంట్లో డ్రైవర్ని, మెకానిక్‌ని కూడా. యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాణ్ణి. బాబా అప్పటికి పోయి ఏడాదైంది. మామాకు మిగిలింది ఆ ఇల్లూ, ఆయన ప్రాణంగా చూసుకున్న పాత అమెరికా కారూ.

ఆ కారు పుట్టుక బాబా నోట వందసార్లు విన్నాను. దివాలా అంచున ఉన్న రెండు కంపెనీలు ఒకదాన్నొకటి పట్టుకుని ఒడ్డెక్కుదామని కలిశాయట. ఈత రాని ఇద్దరు చేతులు పట్టుకుంటే ఏమవుతుందో అదే అయింది. ఒకరి ఇంజనూ ఇంకొకరి తలుపులూ కలిపి కొద్ది బళ్ళు చేసి, కొన్నేళ్ళకే మూతపడ్డాయి. దీని ముక్క ఏది పోయినా ప్రపంచంలో ఇంకోటి దొరకదని బాబా ఎప్పుడూ చెప్పేవాడు. నేను నమ్మాను. అందుకే సైనికులు వీధిలో కార్లు ఎత్తుకుపోతున్నారని తెలిసిన రోజు, ఇంజనులోంచి రోటర్ ఊడదీసి జేబులో వేసుకున్నాను. బొటనవేలంత ముక్క. అది లేకపోతే బండి స్టార్టవదు.

ఆ వారమే మనవాళ్ళను ఇరాక్ మీదుగా జోర్డాన్ చేర్చే బస్సుల్లో నాకు చోటు దొరికింది. మామా నా పాస్‌పోర్టు చేతిలో పెట్టి పంపింది. హవల్లీలో కడప స్నేహితుడు ఓబులేసు గదిలో పడుకుని, పొద్దున్నే జేబులో చెయ్యి పెడితే రోటర్ తగిలింది. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇది నాతో దేశం దాటితే ఆ ముసలామె దగ్గర మిగిలేది పాత ఇనుము. తిరిగి ఇచ్చొస్తానంటే ఓబులేసు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“తిక్కేమన్నా పట్టిందా మస్తానూ? బస్సు మూడింటికి పోతాది. నీ కోసరం ఎవురూ నిలబడరు.”

తొమ్మిదింటికి ఒక పఠాన్ నడిపే పికప్ వ్యాను దొరికింది. ఐదు దినార్లన్నాడు, బేరం ఆడలేదు. ఫహాహీల్ రోడ్డు మీద అడుగడుగునా తనిఖీలు. సైనికులు జేబులు తడుముతున్నారని విని, ఓబులేసు వంటసామానులోంచి చింతపండు ఉండ తెచ్చుకుని రోటర్ అందులో కుక్కాను. రెండో తనిఖీలో ఒక సైనికుడు దాన్ని వాసన చూసి, మా అమ్మ దీంతో షర్బత్ చేస్తుందని, అడక్కుండానే ఇంత గిల్లుకుని నోట్లో వేసుకున్నాడు. అతని వేలికీ రోటర్‌కీ మధ్య అంగుళం ఉంటుందేమో. ఇంకో ముద్ద గిల్లి జేబులో వేసుకుని, యల్లా, ఇక పదండి అని పంపేశాడు.

పన్నెండు దాటాక ఇల్లు చేరాను. మామా ముక్కను కడిగి చూసింది. చింతపండుకు దాని ఇత్తడి అంచు కొత్తదానిలా మెరుస్తోంది. మళ్ళీ నా చేతిలోనే పెట్టి, ఇంట్లో ఉంటే వాళ్ళకు దొరుకుతుంది, నీ దేశం తీసుకుపో, వచ్చేటప్పుడు తీసుకురా అంది. దాన్ని మళ్ళీ చింతపండులో కుక్కుకుని బయల్దేరాను. తిరుగు ప్రయాణంలో అదృష్టం బాగుండి, బస్సు కదలడానికి పది నిమిషాల ముందు ఎక్కాను. మళ్ళీ గల్ఫ్ మొహం చూడకూడదని ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను.

మా ఊరు రాయచోటిలో ఆ ముక్క నెలల తరబడి బీరువాలో ఉంది, నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మదనపల్లెలో షెడ్డు పెడదామని బావమరిది పిలిచినా పోలేదు. యుద్ధం ముగిశాక మామా వీసా పంపితే ఒట్టు గట్టున పెట్టి విమానం ఎక్కాను. సైనికులు స్టార్ట్ చేయలేక చక్రాలు మాత్రం పీక్కుపోయారు, కారు అలాగే ఉంది. ప్లగ్గుల కోసం కువైట్‌లో బండ్ల సామాను దొరికే షువైఖ్‌లో ఒక ముసలి పాకిస్తానీ విడిభాగాల కొట్టుకు వెళ్ళి రోటర్ చూపించాను. ఆయన సొరుగు లాగి అచ్చం అలాంటివే మూడు బల్ల మీద పెట్టాడు. మునిగిపోయే కంపెనీ సొంతంగా ఏం చేస్తుంది, అందరిలాగే బయట కొనుక్కుంది, పాత పికప్‌లలో సగానికి ఇదే ఉంటుందన్నాడు.

ఇంటికొచ్చి మామాకు చెప్పాను. ఆమె టీ పోస్తూ తలెత్తలేదు.

“తెలుసు. నువ్వు జాగ్రత్తగా చూసుకోవాలని బాబా అలా అనేవాడు. అంగట్లో దొరుకుతుందని నేను చెబితే నువ్వు తిరిగొచ్చేవాడివా?”

రానని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కోపం రావాల్సింది, రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒంటరిగా మిగిలిన మనిషి తన ఇంటికి ఒకరు తిరిగి రావాలనుకుంటే బతిమాలుతుందనుకుంటాం. ఈమె నాకు పని అప్పజెప్పి పంపింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు, ఆమె పోయేదాకా, ఆ బండి నేనే నడిపాను.

పాత బండ్లలో దూరం పోయేవాళ్ళకు ఒక్క మాట. రోటర్ ఒకటి అదనంగా దగ్గర ఉంచుకోండి, షువైఖ్‌లో అడిగితే దొరుకుతుంది. ఎక్కడా దొరకదని ఎవరైనా చెబితే, అలా ఎందుకు చెబుతున్నారో కాస్త ఆలోచించండి.