వైశాలి విందులో ఎవరి కంచం వాళ్ళే కడిగారు

మా అమ్మాయి సునీత ఢిల్లీ పక్కన వైశాలిలో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. “నాన్నా, పాపకి ఈ ఆదివారం బాప్తిస్మం” అని ఫోను చేసేసరికి ఇక నా కాలు నిలిస్తేనా! సంతోషంతోపాటే దిగులూ పట్టుకుంది. అంత దూరంలో అల్లుడూ తనూ తప్ప మనవాళ్ళెవరూ లేరు, విందు పనులు ఎవరు చూస్తారు, నలుగురిలో పిల్ల మాట పడకూడదు కదా అని. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నేనొక్కణ్ణే తెనాలిలో వెండిరంగు పేపరు ప్లేట్లు పెద్ద మూట కట్టించుకుని, విజయవాడలో రైలెక్కాను.

మర్నాడు సాయంత్రం న్యూఢిల్లీలో దిగాను. స్టేషను పక్కనే మెట్రో. ఎల్లో లైనులో ఒక్క స్టేషను వెళ్ళి, రాజీవ్ చౌక్‌లో బ్లూ లైనుకి మారాలి. అక్కడ నోయిడా బండి కూడా వస్తుంది, వైశాలి అని చూసుకుని ఎక్కండి. అదే ఆఖరి స్టేషను, దాటిపోతామన్న భయం లేదు. టికెట్టు యాభై రూపాయల లోపే. బయట షేర్ ఈ-రిక్షాకి ఇరవై ఇచ్చాను.

నా మూట చూసి, ఇన్ని ప్లేట్లు పెళ్ళికా అని డ్రైవరు నవ్వాడు. “ఇత్నీ ప్లేటే! షాదీ హై క్యా, అంకల్?”

“షాదీ నహీ భయ్యా, మనవరాలి బాప్తిస్మం!” అన్నాను. అతనికేం అర్థమైందో గానీ, “అచ్ఛా అచ్ఛా, ముబారక్ హో” అన్నాడు. ఎంత మంచివాడో!

ఇంటికి చేరి మూట దించగానే సునీత అడ్డు చెప్పింది. “మా బిల్డింగులో ఇవి వాడం నాన్నా. తలా కొన్ని స్టీలు కంచాలు కొని ఒక బీరువాలో పెట్టుకున్నాం. ఎవరింట్లో ఫంక్షనైనా అవే. గుట్టలకొద్దీ చెత్త ఉండదు.”

“మరి కడిగేదెవరు?”

“తిన్నవాళ్ళే.”

నాకు తల కొట్టేసినట్టయింది. “పిలిచి అన్నం పెట్టి, కంచం కడిగిస్తావా? మనింటా వంటా ఉందా?”

“రేపు నువ్వే చూడు.”

ఆదివారం చర్చి నుంచి వచ్చాక డాబా మీద భోజనాలు. మా మనవరాలు కృప తెల్ల గౌనులో బంగారు బొమ్మలా ఉంది! సునీత కోడి వేపుడు, పప్పుచారు చేస్తే, కింది ఇంటి పంజాబీ ఆవిడ గిన్నెడు రాజ్మా తెచ్చింది. తినడం అవుతుండగా నేను ముందే వెళ్ళి కుళాయి దగ్గర కాపు కాశాను. మొదట వచ్చింది ఆవిడే. “బెహన్‌జీ, ఇటివ్వండి, మీరు మెహమాన్!” అని కంచం పట్టుకున్నాను.

ఆవిడ వదిలితేనా! “కౌన్ మెహమాన్?” అని కళ్ళెర్రజేసి, హిందీలో గలగలా ఏదో అంది. సునీత పడీ పడీ నవ్వింది. “నాన్నా, పాప పుట్టాక మొదటిసారి స్నానం చేయించింది ఆంటీయే. ‘నన్ను చుట్టమంటాడా మీ నాన్న’ అంటోంది.”

నా చేతిలో కంచం ఆవిడకే వదిలేశాను. వెనకాల వరసలో అందరూ కబుర్లాడుకుంటూ కడుక్కుంటున్నారు. కడిగిన నీళ్ళు కుండీల్లో మొక్కలకి పోస్తున్నారు. నేనూ నా కంచం పట్టుకుని ఆ వరసలో నిలబడ్డాను. కళ్ళు చెమర్చాయి.

చుట్టం కంచం కడగడు. కడిగేది ఇంటివాళ్ళే కదా. నా బిడ్డకి అక్కడ ఎవరూ లేరని ఇన్నాళ్ళూ దిగులుపడ్డాను. ఒక బిల్డింగు నిండా ఉన్నారు! విప్పని మూట తెనాలికే మోసుకొచ్చాను. వచ్చేముందు బజారులో ఒక స్టీలు కంచం కొని, కృప పేరు చెక్కించి ఆ బీరువాలో పెట్టాను. మీరూ అటువైపు ఏదైనా శుభకార్యానికి వెళ్తుంటే పేపరు ప్లేట్లు మోయకండి. పొడి తువ్వాలు ఒకటి వెంట పెట్టుకోండి, కడిగిన కంచాలు తుడిచేవాళ్ళే అక్కడ తక్కువ.