గట్టిమేళంతో తెగిన కల్యాణి

పూతలపట్టులో మా మేనల్లుడి పెళ్లి. ముహూర్తానికి ముందు మా తమ్ముడు నన్ను పందిరి పక్కకు పిలిచి ఒక పని అప్పజెప్పాడు. డిగ్రీ పూర్తయిన వాళ్లమ్మాయి సంగీతం గురించి రాసే విలేకరి అవుతానంటోంది. చిత్తూరులో బ్యాంకు పరీక్షల కోచింగులో చేరమంటే వినడం లేదు.

"పేపర్లో పన్జేసినోడివి, నువ్వు చెప్తే ఇంటాదిన్నా. పాటల మీద రాస్తే కూడెవురు పెడతారో అడుగు."

వెళ్లాను. ఆ పిల్ల మేళంవాళ్ల జంపఖానా అంచున కూర్చుని ఉంది. నాదస్వరం ముసలాయన కల్యాణి రాగం అందుకున్నాడు. నేనూ పక్కనే చతికిలబడ్డాను గానీ మాట మొదలుపెట్టబుద్ధి కాలేదు. రాగం పైపైకి పోతుండగా పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. తాళి కట్టే క్షణాన ఏ తుమ్మూ వినబడకూడదని డోళ్లు హోరెత్తాయి. రాగం ఎక్కడికక్కడ తెగిపోయింది. అందరూ అక్షింతలు వేశారు. మా పిల్ల గుప్పిట్లోవి గుప్పిట్లోనే ఉన్నాయి.

హోరు తగ్గగానే ముసలాయన్ని నిలదీసింది.

"తాతా, మిగతాది యాడ వాయిస్తావు?"

"తాళి పడినాక మా రాగం ఎవురికి కావల్ల తల్లీ?"

"నాకు కావల్ల."

ఆయన డోలాయన వైపు చూసి నవ్వాడు. జనం భోజనాలకు పరుగెత్తుతుంటే, తెగిన చోటు నుంచే మళ్లీ ఎత్తుకున్నాడు. ఫోటోకి రమ్మని వాళ్ల నాయన అరుస్తుంటే ఈ పిల్ల ఆగమని చెయ్యి చూపించింది.

భోజనాల బంతిలో పక్కపక్కన కూర్చున్నాక పిల్లకి ఉన్నమాట చెప్పాను. జీతం తక్కువ, జిల్లా పేజీకి ప్రకటన వస్తే ముందు ఎగిరిపోయేది కచేరీ వార్తే.

"అయితే ఈ తాత వాయించింది ఎవురికీ తెలీకుండానే పోతాదా పెద్దనాయనా?"

చేతులు కడుక్కుని వచ్చిన తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు.

"చెప్పినావా?"

"అంతా చెప్పినా. ఎల్లుండి ఏర్పేడులో పెండ్లంట, మేళం వీళ్లదేనంట. వస్తానని ఆయప్పకు మాటిచ్చేసింది."

"బలేపని చేసినావులేన్నా! మాన్పించమంటే నువ్వూ కూసోని ఇంటా ఉండావు."

పప్పన్నం కలుపుకున్నాడు. తర్వాత కూతురి వైపు చూడకుండానే అన్నాడు.

"ఏర్పేడుకి తెల్లారేసరికి పోవల్లంటే బస్సులు యాడుండాయి? నేను బండి తీస్తాలే. పోయి రాసుకోమను. కోచింగు సంగతి ఆమీట సూద్దాం."